పది లెక్కపెట్టేదాకా

ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆవిడ ముందుగా అందులో అన్నిటికన్నా చెడ్డ కుర్చీ ఎక్కడుందో వెతికేవారు. స్తంభం చాటున ఉండేదో, నెత్తిన గాలిగొట్టం హోరెత్తించేదో, తలుపు తీసినప్పుడల్లా మోచేతికి తగిలేదో. అది దొరికాక సంచి ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు అందులోనే కూర్చునేవారు. నేను కొలత టేపు, కాగితాల అట్ట పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. చివరికి లేచి, "ఇక్కడ కూర్చున్నవాడు ఫిజిక్స్ తప్పుతాడు అన్నగారూ. తప్పు వాడిది కాదు, కుర్చీది" అనేవారు.

ఆవిడ పోయారని కిందటి నెల ఈమెయిల్ వచ్చింది. పంపింది ఆవిడ కూతురు. సంతాప సభ శనివారం రెండు గంటలకు, అమ్మ పాఠం చెప్పిన గదిలోనే అని రాసింది. అది చదివి లేచి, అలమారలోంచి ఏడేళ్ల కిందటి డైరీ తీశాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేను డైరీ తప్పలేదు. వాతావరణం, కలిసిన మనుషులు, చేసిన పని, ఈ మూడూ రాస్తాను. అభిప్రాయాలు రాయను. రాసినదాన్ని కొట్టివేయను. ఆ డైరీలో జనవరి నెలలో ఒక పేజీ ఉంది. దాన్ని నేను రాసిన రోజు తరవాత మళ్లీ చదవలేదు.

నేను ఇల్లినాయ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో భవనాల ప్లానింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఏ గదిలో ఎన్ని కుర్చీలు పడతాయి, మధ్యలో ఎంత దారి వదలాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, ఇదీ నా పని. ఆవిడ అక్కడే మొదటి ఏడాది పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవారు. పేరు రాయను. ఆఫీసు తలుపు మీద పేరు పలక పెడతామంటేనే, "నేను ఏడాదికోసారి సంతకం పెడితే ఉండేదాన్ని. పలక దండగ" అని వద్దన్న మనిషి.

మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు ఆవిడ కుడిచేతికి రెండు బంగారు గాజులు, వాటి పక్కన ఒక నీలం రంగు టేపు చుట్ట ఉన్నాయి. గోడలకు రంగు వేసేవాళ్లు అంచులకు అంటించే టేపు అది. దాన్ని గాజులాగే తొడుక్కుని వచ్చారు.

"మీరు తెలుగువారటగా. ఏ ఊరు?" అన్నారు కూర్చోకుండానే.

"బొబ్బిలి దగ్గర."

"మాది కాకినాడ. అయితే తిట్టుకోవడానికి భాష ఉంది. నాకు కింది అంతస్తులో ఉన్న పెద్ద క్లాసు గది కావాలి. కుర్చీలన్నీ పీకేయాలి."

ఆ గదిలో డెబ్భై రెండు కుర్చీలు నేలకు బోల్టులతో బిగించి ఉండేవి. అన్నీ ఒకే వైపు చూస్తూ, మెట్లు మెట్లుగా కాదు, చదును నేల మీద వరసలుగా. ఆవిడకు కావలసింది వేరు. ఆరుగురు చుట్టూ కూర్చునే బల్లలు తొమ్మిది. బల్లలకూ కుర్చీలకూ చక్రాలు. మూడు గోడల నిండా పిల్లలు రాసుకునే బోర్డులు. పాఠం చెప్పేవాళ్లు బల్లల మధ్య తిరగాలి, పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవాలి. గదికి ముందు, వెనక అనేవి ఉండకూడదు.

"ముందు లేని గది ఎక్కడుంటుందమ్మా?" అన్నాను.

"అన్నం తినే బల్లకి ముందెక్కడ అన్నగారూ?"

ఒప్పించడానికి ఆవిడకు ఏడాది పట్టింది. డీన్ చివరికి ఒక్క సెమిస్టర్‌కి, జనవరి నుంచి మే వరకు, ప్రయోగంగా ఒప్పుకున్నాడు. షరతులు రెండు. యాభై నాలుగు సీట్లకు ఒక్కటి కూడా తగ్గకూడదు. ఫైర్ ఇన్‌స్పెక్టర్ చూసి దారులు సరిగా ఉన్నాయని సంతకం పెట్టాలి. పెట్టకపోతే పాత కుర్చీలు మళ్లీ బిగిస్తారు. అవి గోడౌన్‌లోనే ఉన్నాయి, బోల్టులు డబ్బాల్లో పోసి, పైన గది నంబరు రాసి పెట్టారు. మూడో షరతు కాగితం మీద లేదు. ఆవిడ కాంట్రాక్టు వచ్చే ఏడాదికి పొడిగించాలా వద్దా అన్నది ఈ గది సంగతి తేలాక చూద్దామని డిపార్ట్‌మెంట్ హెడ్ ఆవిడతో అన్నాడట. ఆ మాట నాకు ఆవిడే చెప్పారు, టేపు చింపుతూ.

ఆగస్టులో ఇద్దరం ఆ ఖాళీ గదిలో నేల మీద మోకాళ్ల మీద కూర్చుని బల్లలున్న చోటల్లా నీలం టేపు అంటించాం. ఆ తరవాత బల్లలు తెప్పించాం. నేను కుర్చీలు లోపలికి తోసి దారి కొలవబోతే చేయి అడ్డం పెట్టారు.

"ఖాళీ గదికి ఏ జబ్బూ ఉండదు. మనుషుల్ని పెట్టి కొలవండి."

బయట పచ్చికలో పడుకున్న వేసవి తరగతుల పిల్లల్ని యాభై నలుగురిని పోగేసి తెచ్చారు. నిక్కర్లు, బనీన్లు, రబ్బరు చెప్పులు. వాళ్లని కూర్చోబెట్టి, కుర్చీలు వెనక్కి జరిపించి, వీపుకీ వీపుకీ మధ్య కొలిచాను. కనీసం ముప్ఫై ఆరు అంగుళాలు ఉండాలి. నలభై రెండు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్లాను మీద సంతకం నాది.

ఒక్క విషయంలో మాకు పడలేదు. బోర్డులు లేని నాలుగో గోడ దగ్గర నేను మాస్టారి బల్ల గీశాను. కంప్యూటరు, మైకు, ప్రొజెక్టరు మీటలు అన్నీ ఉండే పెద్ద బల్ల, వైర్లు నేలలోంచి వచ్చేది. ఆవిడ పెన్సిల్‌తో కొట్టేశారు. మళ్లీ గీశాను. మళ్లీ కొట్టేశారు.

"గదిలోకి వచ్చినవాడికి మాస్టారెవరో తెలియాలి కదమ్మా."

"తెలియకపోతే ఏమవుతుంది? వెతుక్కుంటాడు. వెతుక్కోవడమేగా చదువంటే."

మూడోసారి కూడా గీసేసరికి నవ్వి, "సరే, అది మీ ముచ్చట. ఉంచుకోండి" అన్నారు. ఆ బల్ల ఉన్నన్ని రోజులూ ఆవిడ దాని దగ్గర నిలబడగా నేను చూడలేదు. దాని మీద సంచి పెట్టేవారు, అంతే.

ఆవిడ పాఠం నేను చాలాసార్లు తలుపు దగ్గర నిలబడి విన్నాను. వినడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆవిడ ఒక ప్రశ్న వేసి ఊరుకునేవారు. గదంతా నిశ్శబ్దం. టేపు చుట్ట మీద వేలు ఒక్కొక్క మెట్టు జరుగుతూ ఉండేది, లెక్కపెడుతున్నట్టు. ఒకరోజు అడిగాను, ఎందుకమ్మా అలా పిల్లల్ని నిలబెట్టి చంపుతారు, జవాబు మీరే చెప్పేయవచ్చుగా అని.

"ప్రశ్న వేశాక పది లెక్కపెట్టేదాకా మనం నోరు తెరవకూడదు అన్నగారూ. మామూలు మాస్టర్లు రెండు దగ్గరే చెప్పేస్తారు. ధైర్యం తొమ్మిది దగ్గర గాని రాదు."

బుధవారాలు క్యాంటీన్‌లో కలిసి తినేవాళ్లం. ఆవిడ ఫ్లాస్కులో పెరుగన్నం తెచ్చుకునేవారు. తిన్నాక మూత బిగిస్తూ, క్లాసు చివర పిల్లల్ని అడిగినట్టే, "ఇంకేమైనా ఉందా అన్నగారూ?" అనేవారు. నేను లేదనేవాణ్ణి. అయినా కాసేపు ఆగి లేచేవారు.

ఇప్పుడు జనవరి పేజీ.

క్లాసులు మొదలైన మొదటి వారం బయట సున్నాకి కింద ఎనిమిది. నేను ఆ గది ముందునుంచి పోతూ లోపలికి చూశాను. ప్రతి కుర్చీ వీపున ఒక చలికోటు. పరుపుల్లాంటి కోట్లు. కొన్నిటి చేతులు నేల మీద జీరాడుతున్నాయి. వాటి కింద బూట్లలోంచి కారిన మంచునీళ్లు, పక్కన సంచులు. ఆవిడ సన్నటి మనిషి, వాటి మధ్యలోంచి పక్కకు తిరిగి దూరిపోతున్నారు. క్లాసు అయ్యాక లోపలికి వెళ్లి, ఇంకా కూర్చుని మాట్లాడుకుంటున్న రెండు బల్లల పిల్లల వీపుల మధ్య కొలిచాను. ఇరవై ఏడు.

గదికి కోట్లు తగిలించే చోటు లేదు. ఎక్కడా లేదు. మూడు గోడలకు బోర్డులు, నాలుగో గోడకు నా బల్ల. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో పొద్దున్నే మంచు తవ్వి కారు బయటకు తీసే ఇద్దరు మనుషులం, ఆగస్టులో ఒక గది కట్టి, అందులోకి చొక్కాలతో వచ్చే పిల్లలకే చోటు లెక్కవేశాం.

నేను ఆవిడకు చెప్పాలి. చెప్పలేదు. సంతకం నాది. రిటైర్మెంట్ రెండేళ్లలో ఉంది. ముప్ఫై ఏళ్లలో నా ప్లాను ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆఫీసుకి వెళ్లి ఫోన్ చేసి, ఇన్‌స్పెక్టర్‌ని పొద్దున్న ఏడున్నరకి రమ్మన్నాను. అప్పుడు గదిలో ఎవరూ ఉండరు. కుర్చీలన్నీ బల్లల కిందకి తోసి ఉంటాయి.

మర్నాడు ఆవిడ మా ఆఫీసుకి వచ్చారు. తలుపు వేశారు. అలా ఎప్పుడూ వేయలేదు.

"ఏడున్నరకి ఎవరు పెట్టారు?"

"ఇన్‌స్పెక్టర్‌కి వీలని..."

"ఆయనకి నేను ఫోన్ చేశాను. ఎప్పుడైనా వీలేనట. పదిన్నరకి, క్లాసు మధ్యలో రమ్మన్నాను. అలారం కూడా కొట్టి చూడమన్నాను."

"అమ్మా, ఎందుకు నెత్తి మీదకి తెచ్చుకుంటారు? ఖాళీగా ఉన్నప్పుడు సంతకం పెట్టించుకుంటే అయిపోతుందిగా!"

"ఖాళీ గదికి సంతకం దేనికి? రేపు నిజంగా నిప్పంటుకుంటే ఆ సంతకం పట్టుకుని బయటికి పోతారా నా పిల్లలు?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. వేలు టేపు చుట్ట మీద ఉంది.

"ఇంకేమైనా ఉందా అన్నగారూ?"

"ఏమీ లేదు" అన్నాను. ఎన్ని లెక్కపెట్టారో తెలియదు. తలుపు తీసుకుని వెళ్లిపోయారు.

ఇన్‌స్పెక్టర్ తరవాతి వారం గురువారం వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల మీసం. చేతిలో స్టాప్‌వాచ్. డీన్ కూడా వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. పదిన్నరకి గది నిండుగా ఉంది, కోట్లు నిండుగా ఉన్నాయి. కిటికీ వైపు చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి ఉంది. వారం కిందట మంచు మీద జారి కాలు విరిగి, చంకకర్రలతో వస్తోంది. ఆ కుర్చీ గదిలో అన్నిటికన్నా చెడ్డది, తలుపుకి అన్నిటికన్నా దూరం. ఆ సంగతి ఆగస్టులో ఆవిడ అందులో కూర్చున్నప్పుడే చెప్పారు.

అలారం మోగింది. పిల్లలు లేచారు. తలుపు దగ్గరి బల్లలు చకచకా ఖాళీ అయ్యాయి. తరవాతివాళ్లు కుర్చీలు వెనక్కి తోశారు, అవి వెనకవాళ్ల కుర్చీలకు తగిలాయి. ఒక కుర్రవాడు తన కుర్చీని పక్కకి లాగబోయాడు. అది కదల్లేదు. కోటు చేయి చక్రంలో చుట్టుకుపోయింది. వాడు ఇంకా గట్టిగా లాగాడు, ఇంకా బిగిసింది. వాడి వెనక ఆ అమ్మాయి రెండు కర్రల మీద నిలబడిపోయింది. ముందుకి దారి లేదు. అలారం మోగుతూనే ఉంది.

"ఐ కాన్ట్ గెట్ త్రూ," అంది ఆ అమ్మాయి. అరవలేదు. మామూలుగానే అంది. ఆ గొంతు నాకిప్పటికీ వినపడుతుంది.

ఆవిడ బల్ల మీదకి ఎక్కారు. చీర కట్టిన రోజు కాదు, ప్యాంటే, అయినా యాభై దాటిన మనిషి. అటువైపు దిగి, జేబులోంచి టేపు కోసే చిన్న కత్తి తీసి, ఆ కోటు చేయి భుజం దగ్గరకంటా కోసేశారు. కుర్చీ దొర్లింది. అమ్మాయి బయటపడింది.

ఇన్‌స్పెక్టర్ స్టాప్‌వాచ్ ఆపాడు. దాన్ని చూడలేదు. కిందపడిన కోటు చేయిని చూశాడు.

"ఇది ఇల్లినాయ్. జనవరి. వీళ్లు కోట్లు ఎక్కడ పెట్టుకుంటారనుకున్నారు మీరు?"

ఆవిడ నావైపు తిరిగారు. మొహం పాలిపోయి ఉంది. తెలుగులో, నాకు మాత్రమే వినపడేలా, "అన్నగారూ, మనం గదిని కాకినాడలో కట్టాం" అన్నారు.

డీన్ అడిగాడు, "కోట్లకి చోటు వదలకపోవడం ఎవరి ఆలోచన?"

అక్కడ నేనున్నాను. ప్లాను నా చేతిలో ఉంది. కింద సంతకం కనిపిస్తూనే ఉంది. నేను పెన్సిల్ మొనవైపు చూశాను.

ఆవిడ లెక్కపెట్టారు. ఇప్పుడు నాకు తెలుసు, లెక్కపెట్టే ఉంటారు.

"నాది. నేను మరిచిపోయాను," అన్నారు ఆవిడ.

సోమవారం వరకు గడువిచ్చారు. ఒక్క సీటు కూడా తగ్గడానికి లేదు. శుక్రవారం పొద్దున్న ప్లాను బల్ల మీద పరిచి, నాలుగో గోడ దగ్గరి మాస్టారి బల్లను రబ్బరుతో చెరిపేశాను. ఆ చోట మూడు వరసల్లో యాభై నాలుగు కొక్కేలు, కింద బూట్లకు రేకు పళ్లేలు గీశాను. ఎలక్ట్రీషియన్లు శనివారం వచ్చి వైర్లు నేలలోకి మడిచి మూత వేశారు. ఆవిడ వచ్చి చూశారు.

"మీ మాస్టారి బల్లేదీ?"

"తీసేశాను."

"బాధగా ఉందా?"

ఆవిడ తన కోటు విప్పి మొదటి కొక్కేనికి తగిలించారు.

సోమవారం అలారం మళ్లీ మోగింది. చంకకర్రల అమ్మాయి ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడు. గది నిలబడింది. ఆవిడ కాంట్రాక్టు పొడిగించారు, ఎప్పటిలాగే ఒక్క ఏడాదికి. కానీ ఆ తరవాత అలాంటి గదులు ఇంకో నాలుగు కట్టినప్పుడు ఆవిడను కమిటీలోకి పిలవలేదు. కోట్ల సంగతి మరిచిపోయిన మనిషి అని ఒకరిద్దరు నవ్వగా నేను విన్నాను. ఆ గదుల ప్లాను బయటి కంపెనీ వేసింది. నాలుగింటిలోనూ ముందు వైపు పెద్ద బల్ల ఉంది. బల్లలకు చక్రాలున్నాయి గాని ఎవరూ జరపరు. వాటిలో ఏ కుర్చీలోనూ ఆవిడ కూర్చుని చూడలేదు.

ఆ గురువారం డైరీలో నేను రాసింది ఇది: "సున్నాకి కింద నాలుగు. తనిఖీలో గది తప్పింది. కోట్ల ఇబ్బంది ముందుగా ఎవరికీ తెలియలేదు."

నేను రిటైరయ్యేదాకా బుధవారాలు ఆగలేదు. ఫ్లాస్కు మూత బిగిస్తూ ప్రతిసారీ అడిగారు, ఇంకేమైనా ఉందా అన్నగారూ అని. ప్రతిసారీ లేదన్నాను.

శనివారం, రిటైరయ్యాక ఉంటున్న షామ్‌బర్గ్ నుంచి నేనే డ్రైవ్ చేసుకుని వెళ్లాను. రెండు గంటల దారి, పక్కలంతా మంచు. గదిలో నలభై మందిదాకా ఉన్నారు. లోపలికి వచ్చినవాళ్లు కోట్లు తగిలించి, తరవాత ఏం చేయాలో తోచక నిలబడ్డారు. ఆవిడ ఫోటోకి దండ వేసి తెచ్చారు గాని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. గదికి ముందు లేదు. ఒకరు కిటికీ దగ్గర పెట్టారు, ఇంకొకరు అటు వీపు పెట్టి కూర్చోవాల్సి వస్తుందని తీసేశారు. చివరికి కూతురు దాన్ని మధ్య బల్ల మీద కాఫీ కప్పుల పక్కన పడుకోబెట్టింది, ఎటునుంచి వచ్చినవాళ్లకైనా కనిపించేలా.

నేను కిటికీ వైపు చివరి కుర్చీలో కూర్చున్నాను.

ఒక్కొక్కరూ కూర్చున్నచోటు నుంచే మాట్లాడారు. పాత విద్యార్థులు, డిపార్ట్‌మెంట్‌వాళ్లు. ఒకతను కోటు చేయి కోసిన కథ చెప్పాడు, ఆ కోటు తనదేనట. అందరూ నవ్వారు. "ఇంత తెలివైన మనిషి చలికాలాన్ని మరిచిపోయారు చూడండి" అన్నాడు ప్రేమగానే. మళ్లీ నవ్వారు.

కూతురు చుట్టూ చూసింది. పాతికేళ్ల పిల్ల, తల్లిలాగే సన్నగా ఉంది. "ఇంకెవరైనా మాట్లాడతారా?" అంది, ముందు ఇంగ్లీషులో, తరవాత నాలాంటి ఇద్దరు ముగ్గురి కోసం తెలుగులో. అడిగి ఊరుకుంది. తల్లి నేర్పిందో, రక్తంలో ఉందో.

నేను లెక్కపెట్టాను. మూడు దగ్గర ఎవరో దగ్గారు. అయిదు దగ్గర కొక్కేలవైపు చూశాను. ఏడు దగ్గర, ఇప్పుడెవరికి కావాలి ఇది, అనుకున్నాను. ఎనిమిది.

"ఆవిడ మరిచిపోలేదు," అన్నాను. "అంటే మొదట ఇద్దరం మరిచిపోయాం. కానీ తనిఖీకి వారం ముందు నేను చూశాను. కొలిచాను. ఇరవై ఏడు అంగుళాలు. ఆవిడకి చెప్పలేదు. ఖాళీ గది చూపించి గట్టెక్కుదామనుకున్నాను. డీన్ అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు. ప్లాను మీద సంతకం నాది."

ఎవరూ నవ్వలేదు. కోటు పోగొట్టుకున్నతను తల దించుకున్నాడు.

వెళ్లేటప్పుడు కొక్కేల దగ్గర రద్దీగా ఉంది. నా కోటు మరో రెండు కోట్ల కింద ఉంది. కూతురు వాటిని తీసి పట్టుకుని నా కోటు అందించింది.

"అంకుల్, సెవెన్ థర్టీకి ఎందుకు పెట్టారో అమ్మకి ఆ అలారం రోజే తెలిసిపోయింది."

"నీకెలా తెలుసమ్మా?"

"నాకు చెప్పింది. నాకు చాలా కోపం వచ్చి, నువ్వే అడిగెయ్ కదా, అన్నాను. ఆయన చెప్తారు, నేను వెయిట్ చేస్తా, అంది." మిగతా రెండు కోట్లు కొక్కేనికి తగిలిస్తూ, "చాలా వెయిట్ చేసింది," అంది. అందులో నిష్ఠూరం లేకపోలేదు.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. "కోట్ల ఇబ్బంది ముందుగా ఎవరికీ తెలియలేదు" అన్న వాక్యం మీద స్కేలు పెట్టి ఒక గీత గీశాను. పక్కన, "నాకు తెలుసు" అని రాసి, ఆ శనివారం తేదీ వేసి, సంతకం పెట్టాను. నా డైరీలన్నిటిలో కొట్టివేత అదొక్కటే.